సీసాలో సరస్వతి

హిందూపురం మార్కెట్‌లోకి కొత్త చింతపండు దిగే రోజుల్లోనే మందుల షాపుల్లోకి జ్ఞాపకశక్తి కూడా దిగుతుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయనగా అద్దాల బీరువాలో దగ్గు మందులు వెనక్కి జరిగి, మెదడు బొమ్మ వేసిన సీసాలు ముందుకొస్తాయి. పిల్లలకు సిరప్పు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసే కుర్రాడికి ఏకాగ్రత క్యాప్సూళ్లు, ధర్మవరంలో చీరల లెక్కలు మరిచిపోతున్న పెద్దాయనకు అమెరికా నుంచి కొడుకు పంపిన డబ్బా. ఇంటిల్లిపాదికీ తలో బుర్ర! ఇంతకీ ఇవి పని చేస్తాయా అంటే, ఒంట్లో ఏదైనా తక్కువైనచోట, ఆ తక్కువైనదాన్నే ఇస్తే చేస్తాయి. చిక్కల్లా ఒక్కటే. తక్కువైనవాడి దగ్గర సీసా కొనే డబ్బులుండవు, డబ్బులున్నవాడికి సాధారణంగా సీసాలో ఉన్నది తక్కువై ఉండదు. వ్యాపారం మాత్రం రెండోవాడితోనే నడుస్తుంది.

మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానావాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదంటూ కేన్సర్, ఎయిడ్స్, బట్టతల వగైరాలను అందులో వరసగా రాశారు. మెదడు సామర్థ్యం పెంచడం, జ్ఞాపకశక్తి మెరుగుపరచడం కూడా ఆ వరసలోనే ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో మీ అబ్బాయికి తెలివి పెంచుతాననడం, మీకు జుట్టు మొలిపిస్తాననడం ఒకే కోవలోవి. అయితే వ్యాపారం చట్టం కన్నా చురుకైనది. మందుగా పుడితే నోరు కట్టేస్తారని చాలా సరుకు ఆహారంగా పుట్టేసింది. అందుకే డబ్బా ముందువైపు మెరుపులు చిమ్మే మెదడు ఉంటుంది. వెనకవైపు, భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో, ఇది ఔషధంగా వాడటానికి కాదని ఉంటుంది. వాళ్లు నిజం దాచలేదు పాపం, చదవగలిగే సైజులో వేయలేదంతే.

అలాగని సీసాలో ఏమీ లేదనడం అన్యాయం. బ్రాహ్మి మీద నిజమైన పరిశోధనలే జరిగాయి. ఆస్ట్రేలియాలో 2001, 2002ల్లో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో ఆరోగ్యవంతులైన పెద్దలకు సుమారు మూడు నెలలు బ్రాహ్మి సారం ఇచ్చి చూశారు. జ్ఞాపకశక్తి పరీక్షలు కొన్నిటిలో కాస్త మెరుగు కనిపించింది, మరికొన్నిటిలో ఏమీ లేదు. 2014లో ఇలాంటివి తొమ్మిది కలిపి లెక్క చూస్తే, అందులో పాల్గొన్న జనం మొత్తం 518 మంది. ఆశ పెట్టుకోవడానికి అది చాలు, అట్టపెట్టె మీద మెదడు బొమ్మ వేయడానికి చాలదు. పైగా ఆ ఫలితం వచ్చింది కొలిచి ఇచ్చిన సారంతో, వారాల తరబడి మానకుండా మింగిన పెద్దవాళ్లకు. మన ఇళ్లలో సిరప్పు హాల్ టికెట్‌తో పాటు వస్తుంది. మార్చి పరీక్షకు ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టిన బ్రాహ్మి, ఒకవేళ పని చేసినా, సప్లిమెంటరీకి అక్కరకొస్తుంది. ఈలోగా కొందరికి కడుపు తిప్పడం, విరేచనాలు అదనం; అవి కూడా అధ్యయనాల్లో నమోదైనవే.

అమెరికా డబ్బా మీద నమ్మకం వేరే జాతిది. అక్కడివాళ్లు ఊరికే అమ్మరు కదా అని మన లెక్క. జింకో ఆకు సారాన్ని 75 ఏళ్లు పైబడిన 3,069 మంది మీద ఏళ్ల తరబడి పరీక్షించింది కూడా అక్కడే. మతిమరుపు జబ్బును అది ఆపలేదని 2008లో తేల్చారు. జెల్లీ ఫిష్‌లో దొరికే ప్రోటీన్ పేరు చెప్పి అమ్మిన ప్రెవాజెన్ అనే మాత్ర మీద అక్కడి వ్యాపార కమిషన్ 2017లో దావా వేసింది. జ్ఞాపకశక్తి పెంచుతుందని చెప్పుకోవద్దని 2024 చివర్లో కోర్టు ఉత్తర్వు వచ్చింది. దావాకూ ఉత్తర్వుకూ మధ్య దాదాపు ఎనిమిదేళ్లు గడిచాయి. మతిమరుపున్నవాడు తాను దేనికి డబ్బు కట్టాడో మరిచిపోవడానికి అది చాలిన గడువు. అక్కడే జరిగిన మరో పెద్ద అధ్యయనంలో, రోజుకో మల్టీవిటమిన్ వేసుకున్న పెద్ద వయసువాళ్లకు జ్ఞాపకశక్తిలో కొద్దిపాటి మేలు కనిపించిందని 2022 నుంచి ఫలితాలు వస్తున్న మాట నిజం. కానీ అంతకుముందు 65 దాటిన మగ డాక్టర్లకు పన్నెండేళ్లు మల్టీవిటమిన్ ఇచ్చి చూస్తే ఏ తేడా లేదని 2013లో తేలింది. ఒకటి ఔనంది, ఒకటి కాదంది. ప్రకటనలో మాత్రం ఔనన్నదొక్కటే కనిపిస్తుంది.

‘మా పిల్లవాడికి పని చేసిందండీ’ అన్నది తల్లిదండ్రుల వాదన. కాదనలేం. కానీ సీసా ఒంటరిగా ఇంటికి రాదు. అది వచ్చిన రోజే టీవీ ఆగుతుంది, ఫోన్ బీరువాలోకి పోతుంది, పొద్దున్నే గుడ్డు ఉడుకుతుంది, పదింటికి లైటు ఆరుతుంది. మార్కులు పెరిగితే ఖ్యాతి సీసాది, తగ్గితే అప్రతిష్ఠ పిల్లవాడిది. ఇంత లాభసాటి ఒప్పందం ఏ దేవుడికీ దక్కలేదు. ఇక రెండో వాదన, మన పెద్దలకు తెలియదా అని. చరకుడు మేధకు నాలుగు రసాయనాలు చెప్పాడు. అందులో మండూకపర్ణి అంటే మన సరస్వతి ఆకును పచ్చిరసంగా తీసుకోమన్నాడు. పంచదార పాకంలో రంగు కలిపి, పైన కార్టూన్ బొమ్మ వేసి, రెండు కొంటే ఒకటి ఉచితమని చరకుడు చెప్పిన దాఖలా లేదు. శాస్త్రం మీద గౌరవం ఉంటే శాస్త్రం చెప్పినట్టు వాడి, ఈ కాలపు పద్ధతిలో పరీక్షించాలి. పేరు మాత్రం అరువు తెచ్చుకుంటే అది గౌరవం కాదు.

నిజంగా బుర్రకు పనికొచ్చేవి ఏవంటే, వాటికి ప్రకటనలు లేవు. ఎదిగే మెదడుకు అయోడిన్ అందకపోతే జరిగే నష్టం అంతా ఇంతా కాదు. దానికి విరుగుడు ఉప్పు పాకెట్‌లో ఉంది. రక్తహీనత ఉన్న బడిపిల్లలకు ఇనుము ఇస్తే మేధకు పెట్టే పరీక్షల్లో మెరుగు కనిపిస్తుందని 2013 నాటి సమీక్ష ఒకటి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి, మహిళల్లో దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. వారానికొకసారి బడిలో ఊరికే ఇచ్చే ఇనుము మాత్రను, కడుపులో తిప్పుతుందని చెత్తబుట్టలో వేసే ఇల్లే మెదడు బొమ్మ సీసాకు వందలు పోస్తుంది. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలైంది. దానికి చేయి కలిపింది పుట్టపర్తి సత్యసాయి సెంట్రల్ ట్రస్టే. ఆ జావ ఎవరినీ మేధావిని చేస్తానని చెప్పలేదు. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లవాడికి ఎక్కాలు ఎక్కవన్న పాత సత్యాన్ని మాత్రం ఒప్పుకుంది.

జ్ఞాపకం పెరిగే దారి కూడా తెలియనిది కాదు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, పుస్తకం మూసి తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో అమెరికా మనస్తత్వవేత్తలు ప్రయోగం చేసి చూపారు. మన అవధానులు చేసేది అదే. పృచ్ఛకులు ఎన్ని వైపుల నుంచి లాగినా, చివర్లో పద్యాలన్నీ ధారణలోంచి అప్పజెబుతారు. ఆ ధారణ సాధనతో వచ్చేది, చెంచాతో కొలిచి పోసేది కాదు. కాబట్టి సీసా కొనే ముందు పిల్లవాడికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో దానికి డబ్బడగరు. పెద్దాయనకు మతిమరుపు ముదిరితే డబ్బా కాదు, డాక్టరు కావాలి. థైరాయిడ్, బి12 చూడమని అడగండి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితే సంతోషించి, రాత్రి త్వరగా పడుకోమనండి. అప్పటికీ సీసా కొనాలనిపిస్తే కొనుక్కోండి. డబ్బా వెనకవైపు చదివాకే.