సిగ్నల్ మీ బండిని గుర్తించనప్పుడు: వినకూడని ఆరు సలహాలు

అమెరికాలో బైక్ నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. తెల్లవారుజాము, రోడ్డు ఖాళీ. ఎడమకు తిరిగే లేన్‌లో మీ బండి ఒక్కటే ఉంటుంది. పెద్ద రోడ్డుకు పచ్చ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మీ బాణం గుర్తు మాత్రం ఎరుపు దిగదు. హైదరాబాదులోనో విజయవాడలోనో బండి నేర్చుకుని వచ్చిన మనవాళ్లకు ఇది మరీ కొత్త. అక్కడ సెకన్లు లెక్కపెట్టే సిగ్నల్ దగ్గర బండి ఉన్నా లేకపోయినా వంతు వచ్చి తీరుతుంది. ఇక్కడ చాలా కూడళ్లలో, ముఖ్యంగా ఎడమ మలుపు లేన్లలోనూ, చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలిసేచోటా, బండి వచ్చిందని తెలిస్తేనే సిగ్నల్ వంతు ఇస్తుంది.

దీనికి సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. వాటిలో కొన్ని డబ్బు దండగ, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. తరచూ చెవిన పడే ఆరు సలహాలనూ, వాటి బదులు చేయాల్సిన పనినీ ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు సిగ్నల్‌కు బండి ఎలా తెలుస్తుందో చూద్దాం. ఆగే గీతకు కాస్త వెనక, తారులో సన్నని గాడి కోసి, అందులో రాగి తీగను మూడు నాలుగు చుట్లు చుట్టి, పైన నల్లటి సీలు పోస్తారు. దీన్ని లూప్ అంటారు. సాధారణంగా ఇది 6 అడుగుల చదరం. దాని మూల నుంచి మరో గీత రోడ్డు అంచుకు, అక్కడి నుంచి భూమిలోపలగా కూడలి మూలనున్న ఇనప పెట్టెకు పోతుంది. ఆ తీగలో కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది. పైకి లోహం వచ్చినప్పుడు ఆ లోహంలోనూ చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. వాటివల్ల తీగ ఇండక్టెన్స్ తగ్గుతుంది. పెట్టెలోని యంత్రం ఆ తేడాను పట్టుకుని, బండి వచ్చిందని లెక్క వేసుకుంటుంది. కారు అడుగుభాగం వెడల్పుగా, రోడ్డుకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి తేడా పెద్దగా కనిపిస్తుంది. బైకు నిలువుగా, సన్నగా ఉంటుంది. తేడా అంతంతమాత్రమే.

1. "బండి కింద అయస్కాంతం అంటించు, పచ్చ దానంతటదే వస్తుంది"

ఈ అయస్కాంతాలను ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. కొనకండి. లూప్ వెతికేది అయస్కాంతాన్ని కాదు, కరెంటు పారగల లోహాన్ని. కదలకుండా ఉన్న అయస్కాంతం ఆ తీగకు ఒక చిన్న లోహపు ముక్క మాత్రమే. ఇనుము తక్కువ కాబట్టి బండిని పట్టడం లేదన్న మాటా తప్పే. అల్యూమినియం ఇంజనూ, అల్లాయ్ చక్రమూ లూప్‌కు చక్కగా తెలుస్తాయి. కావలసింది బరువు కాదు, ఆ లోహం తీగకు దగ్గరగా ఉండటం. ఆ డబ్బుతో మంచి గ్లవ్స్ కొనుక్కోండి.

2. "డిప్పర్ కొట్టు, హారన్ మోగించు, ఇంజన్ రేజ్ చెయ్"

లూప్‌కు కళ్లూ లేవు, చెవులూ లేవు. ఈ సలహా ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించవచ్చు. అంబులెన్సులు, ఫైరింజన్లు వస్తుంటే కొన్ని కూడళ్లలో సిగ్నల్ మారిపోతుంది. వాటి మీద లెక్కప్రకారం మినుకుమనే ప్రత్యేకమైన దీపం ఉంటుంది, దాన్ని పసిగట్టే పరికరం సిగ్నల్ స్తంభం మీద ఉంటుంది. చేత్తో కొట్టే హై బీమ్ దానికి సాటి రాదు. అలాంటి దీపాన్ని సంపాదించి బండికి పెట్టుకుందామన్న ఆలోచన అసలే వద్దు. అనుమతి లేకుండా దాన్ని వాడటం 2005 నుంచి అమెరికాలో ఫెడరల్ నేరం.

స్తంభం మీద కెమెరా ఉండి, దాంతోనే బండ్లను గుర్తించే కూడళ్లు వేరు. రాత్రివేళ కెమెరాకు ఆధారం మీ హెడ్‌లైటే. అది నిలకడగా వెలగనివ్వండి. ఆగే గీత దాటి ముందుకు పోయారంటే కెమెరా చూసే చోటు నుంచి బయటపడ్డట్టే. గీత వెనకే, లేన్ మధ్యలో ఆగండి.

3. "లేన్ మధ్యలో నిలబెట్టు, అక్కడే బాగా పట్టుకుంటుంది"

కెమెరా విషయంలో సరైన ఈ మాట లూప్ విషయంలో తలకిందులవుతుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చదరపు లూప్ నడిమధ్యలో బైకును గుర్తించే శక్తి తక్కువ, తీగ మీద ఎక్కువ. కాబట్టి గీతలు కనిపిస్తే, మీరు వెళ్లే దిశలోనే పొడవుగా సాగిన ఎడమ గీత మీదో కుడి గీత మీదో రెండు చక్రాలూ ఉండేలా ఆగండి. పొడవు గీతలు మూడు ఉంటే అది జంట లూప్. దానికి మాత్రం మధ్య గీతే బలమైన చోటు. లూప్ గుండ్రంగా ఉంటే అంచు మీద ఆగండి. కొన్నిచోట్ల సైకిలు బొమ్మ వేసి దాని పైనా కిందా చిన్న గీత గీస్తారు. సైకిలును గుర్తించే చోటు అదేనని ఆ గుర్తుకు అర్థం. అక్కడ నిలబడితే మీ బండికీ మేలే.

కొత్తగా తారు వేసిన రోడ్డు మీద గీతలు కనిపించవు. లేన్ వెడల్పు 10 నుంచి 12 అడుగులు, లూప్ 6 అడుగులు. అంటే తీగ ఇంచుమించు కార్ల చక్రాలు నడిచే జాడలోనే ఉంటుంది. ఆ జాడలో ఆగండి. దీనివల్ల ఇంకో లాభముంది: లేన్ నడుమ కార్ల నుంచి కారిన ఆయిల్ పేరుకుని ఉంటుంది, దానికి దూరంగా ఉంటారు. ఒక్క జాగ్రత్త: వాన పడితే ఆ నల్లటి సీలు బాగా జారుతుంది. చక్రం దాని మీద ఉన్నా, కాలు మాత్రం పక్కనున్న తారు మీద మోపండి.

4. "సైడ్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, బండిని గీత మీదికి వాల్చు"

స్టాండ్‌లో ఉన్న లోహం ఎంతని? దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. ముప్పు మాత్రం పెద్దది. వెనక నుంచి ఫోన్ చూసుకుంటూ వచ్చే డ్రైవరు ఆగకపోతే, స్టాండ్ మీదున్న బండితో మీరు తప్పుకోలేరు. సిగ్నల్ దగ్గర ఒంటరిగా ఆగినప్పుడు ఫస్ట్ గేరు వేసి, క్లచ్ పట్టుకుని, అద్దంలో వెనక చూస్తూ, ఎటు తప్పుకోవాలో ముందే అనుకుని ఉండండి. వెనక ఒక కారు వచ్చి ఆగేదాకా ఈ జాగ్రత్త మానకండి.

5. "రెండు నిమిషాలు ఆగితే చాలు, రెడ్‌లో వెళ్లడం మన హక్కు"

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. బైకును గుర్తించని రెడ్ లైటును దాటనిచ్చే చట్టం కొన్ని రాష్ట్రాల్లో ఉంది, కొన్నింటిలో లేదు. ఉన్నచోట కూడా షరతులు ఒక్కలా లేవు. విస్కాన్సిన్‌లో కనీసం 45 సెకన్లు ఆగాలి. వర్జీనియాలో 120 సెకన్లు లేదా సిగ్నల్ రెండు ఆవృత్తాలు, ఏది ముందైతే అది. ఇల్లినాయ్‌లో 120 సెకన్లు, కానీ 20 లక్షలకు మించి జనాభా ఉన్న నగరంలో ఆ వెసులుబాటు లేదు. అంటే షికాగోలో చెల్లదు. మిన్నెసోటా 2002లో తెచ్చిన చట్టం ఇచ్చేది కోర్టులో వాదించుకునే అవకాశం. టికెట్టు రాయరని హామీ కాదు.

ఏ రాష్ట్రంలోనైనా ఒక సంగతి మారదు. అడ్డంగా వచ్చేవాడికి పచ్చ ఉంది, దారి అతనిది. గంటకు 45 మైళ్ల వేగంతో వచ్చే కారు డ్రైవరు మీరు ఎంతసేపటి నుంచి నిలబడ్డారో ఎరగడు. మీ రాష్ట్రపు చట్టాన్ని ఇంట్లో కూర్చుని ఒకసారి చదవండి. సిగ్నల్ దగ్గర గుర్తొచ్చిన గాలిమాటను నమ్మి బండి ముందుకు ఉరికించకండి.

అప్పటికప్పుడు చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. వెనక కారు ఉంటే, ఆగే గీత దాకా ముందుకు జరిగి, కారును లూప్ మీదికి రమ్మని చేత్తో సైగ చేయండి. కారు అక్కడికి చేరితే మీ వంతూ వస్తుంది. కారు లేకపోతే, రెడ్ మీద కుడికి తిరగడానికి అనుమతి ఉన్నచోట, పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగండి. కొంతదూరం వెళ్లి, అనుమతి ఉన్నచోట యూ టర్న్ చేసుకుని రండి. ఎడమ మలుపు లేన్‌లో ఉంటే, పక్క లేన్ ఖాళీ అని నిర్ధారించుకుని, ఇండికేటర్ వేసి, నేరుగా వెళ్లే దారిలోకి మారి, తర్వాతి కూడలిలో తిరగండి. రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

6. "ఫిర్యాదు చేస్తే ఎవడు పట్టించుకుంటాడు?"

ఆరింటిలో అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. ఎందుకంటే అసలు మందు ఇక్కడే ఉంది. తప్పు మీ బండిది కాదు, మీదీ కాదు. లూప్ యంత్రానికి పట్టే శక్తిని తగ్గించుకునే, పెంచుకునే అమరిక ఉంటుంది. మరీ పెంచితే పక్క లేన్‌లో కారు కూడా తగులుతుంది కాబట్టి కొన్నిచోట్ల బాగా తగ్గించి పెడతారు. టెక్నీషియన్ వచ్చి పెట్టె తెరిచి దాన్ని సరిచేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. తీగ తెగి ఉంటే కొత్తది వేయాలి. కాలిఫోర్నియా అయితే 2007లో చట్టమే చేసింది: బండ్లను గుర్తించి మారే సిగ్నల్‌ను కొత్తగా పెట్టినా, లూప్‌ను మార్చినా, అది సైకిళ్లనూ బైకులనూ కూడా గుర్తించి తీరాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు "ఆ సిగ్నల్ పాడైంది" అని ఊరుకోకండి. రెండు రోడ్ల పేర్లు, మీరు ఏ దిశ నుంచి వచ్చారు, ఏ లేన్, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు వంతు తప్పింది, మీది బైకు అన్న సంగతి, ఇవన్నీ చెప్పండి. చాలా నగరాల్లో 311 నంబరుకు ఫోన్ చేస్తే తీసుకుంటారు. రాష్ట్ర రహదారి అయితే రాష్ట్ర రవాణా శాఖకు చెప్పాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. రెండు వారాల్లో మార్పు లేకపోతే అదే నంబరు చెప్పి మళ్లీ అడగండి. మీలాగే అక్కడ ఇరుక్కునే మిత్రులుంటే వాళ్లచేతా చెప్పించండి.

కాబట్టి అయస్కాంతాలు మానండి, తీగ ఎక్కడుందో చూడటం నేర్చుకోండి, ఎంత విసుగొచ్చినా రెడ్‌లోకి దూకకండి. ఏ కూడలి మిమ్మల్ని నిలబెట్టేసిందో ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. అది బాగుపడితే మీ ఒక్కరి ప్రయాణమే కాదు, ఆ దారిన వచ్చే ప్రతి బైకూ, ప్రతి సైకిలూ క్షేమంగా దాటుతాయి.