మంచు పడని ఊరికి మంచుదేశపు కిటికీలు

పాత కిటికీలు పీకించి కొత్తవి పెట్టించాలనుకుంటున్నారా? అయితే ముందుగా అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోన్ చెయ్యండి. ఏ గోడకి ఏ వేళ ఎండ పడుతుందో, సాయంత్రం గాలి ఏ మూలనుంచి తిరుగుతుందో పెరట్లో నిలబడి చూసుకోవడం చాదస్తం. మీ ఇల్లు శ్రీకాకుళంలో ఉందా, విజయనగరం కంటోన్మెంటులో ఉందా అన్నది ముఖ్యం కాదు. అబ్బాయి మినియాపొలిస్‌లో ఉంటున్నాడు. అక్కడ జనవరి రాత్రి సున్నాకి పాతిక డిగ్రీలు కిందకి దిగే రోజులుంటాయి. అంత చలి చూసినవాడికి కిటికీల గురించి తెలియనిదేముంటుంది?

అతను మూడు పొరల గాజు వేయించమంటాడు. పొరల మధ్య ఆర్గాన్ వాయువు ఉండాలంటాడు. వేయించండి. అక్కడ లోపల ఇరవై డిగ్రీలు, బయట మైనస్ పాతిక, అంటే గాజుకి అటూఇటూ నలభై అయిదు డిగ్రీల తేడా. ఆ తేడాని ఆపడానికే ఆ పొరలన్నీ. మన దగ్గర బయట ముప్పై ఆరు ఉంటే, ఏసీ పెట్టుకున్న గదిలో ఇరవై ఆరు. పదే తేడా. ఏసీ లేని గదిలో అదీ ఉండదు, కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి గాజు ఎన్ని పొరలైనా ఒకటే. ఈ లెక్క అబ్బాయికి చెప్పకండి, నొచ్చుకుంటాడు. పైగా మూడు పొరలంటే మూడు పొరల డబ్బు. గృహప్రవేశంలో చెప్పుకోవడానికి బాగుంటుంది.

గాజు కొనేటప్పుడు, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడావల్ల ఎంత వేడి దాటుతుందో చెప్పే యూ-ఫ్యాక్టర్ ఎంత అని ఒక్కటే అడగండి. ఆ పక్కనే, ఎండ వేడిలో ఎంత భాగాన్ని లోపలికి వదులుతుందో చెప్పే అంకె ఇంకొకటుంటుంది. దాని జోలికి పోవద్దు. చలిదేశాల్లో చాలామంది ఆ రెండో అంకె ఎక్కువుండే గాజే ఏరుకుంటారు. పగటి ఎండ లోపలికి రావాలి, వచ్చిన వేడి రాత్రికి బయటకి పోకూడదు, అది వాళ్ల అవసరం. అలాంటి గాజునే తెప్పించి పడమటి హాలుకి బిగించండి. మే నెల మధ్యాహ్నం మూడింటికి సోఫా చెయ్యి మీద చెయ్యి వేస్తే దాని పనితనం తెలుస్తుంది. కిటికీల గుండా మన ఇళ్లలోకి వేడి చేరేది చాలావరకు గాజు మీద నేరుగా పడే ఎండతోనేనని, దాన్ని గాజు దాకా రాకుండా బయటే ఆపాలని, అందుకు సన్‌షేడో పాతకాలపు వసారానో పనికొస్తుందని చెప్పే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లని మాన్పించండి. సన్‌షేడ్ ఎలివేషన్‌ని పాడుచేస్తుంది. దాన్ని కొట్టించేసి, ఆ డబ్బుతో లోపల బరువైన కర్టెన్లు కట్టించండి. వేడి గాజు దాటి లోపలికొచ్చాక కర్టెన్ దాన్ని చక్కగా పట్టుకుని గదిలోనే ఉంచుతుంది.

తరవాత రెక్కల కిటికీలు. ఇవి వద్దే వద్దు. రెండు రెక్కలూ బార్లా తెరుచుకుంటే ఇల్లు పాతగా కనిపిస్తుంది. యూపీవీసీ స్లైడింగ్ పెట్టించండి. ఒక రెక్క ఇంకోదాని వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎంత తెరిచినా సగం మూసే ఉంటుంది. ఇందులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒకటి తెచ్చింది. ఇంటి నేల వైశాల్యంలో తెరుచుకునే భాగం ఎంత ఉండాలో అందులో వాతావరణాన్ని బట్టి చెప్పారు. మనలాంటి ఉక్కపోత ప్రాంతానికి ఆరో వంతు, చలి ప్రాంతానికి పన్నెండో వంతు. ఒక గదికి ఆ లెక్క కడితే, పది బై పన్నెండు గది నూట ఇరవై చదరపు అడుగులు. దానికి అయిదు బై నాలుగు రెక్కల కిటికీ ఒకటి ఉంటే ఇరవై అడుగులూ తెరుచుకుంటుంది, సరిగ్గా ఆరో వంతు. అదే చోట స్లైడింగ్ పెడితే పది అడుగులే మిగులుతుంది, సరిగ్గా పన్నెండో వంతు. అంటే గోడ కదల్చకుండా, చిల్లు పెంచకుండా, తగ్గించకుండా, ఒక్క రోజు పనితో మీ పడగ్గదిని లేహ్‌కి సరిపోయేలా మార్చేశారన్నమాట. చలిదేశపు కిటికీ అంటే ఇదీ.

ఇంట్లో పెద్దవాళ్లు గొణుగుతారు. "ఏటి బావు, తీసినా సగం మూసే ఉంటాదేటిది? పైరగాలి ఎలాగొస్తాది?" అని ముసలమ్మ అడుగుతుంది. వేసవి సాయంత్రాల్లో సముద్రం మీదనుంచి వచ్చే ఆ గాలి కోసమే ఆవిడ మంచం యాభై ఏళ్లుగా దక్షిణపు కిటికీ పక్కన ఉంది. మంచం అక్కణ్ణించి తీయించి, ఏసీ ఎదురుగా వేయించండి. తెల్లారేసరికి చల్లబడ్డ గాజుకి బయటి పక్క చెమ్మ పట్టి నీళ్లు కారతాయి. మినియాపొలిస్‌లో ఆ చెమ్మ లోపలి పక్క పడుతుంది. అంతవరకు మన కిటికీ పూర్తిగా స్వదేశీ.

ఇక గాలివాన సంగతి. దీని గురించి ఆలోచించేవాళ్లు పిరికివాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, విశాఖలో అద్దాల మేడలు ఒక్క పూటలో బోసిపోయాయి, విజయనగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటల్ని పడుకోబెట్టేసింది. అయితే ఏం? రెండూ అక్టోబరులోనే వచ్చాయి కదా, మీరు కిటికీలు నవంబరులో పెట్టించండి.

ఈ తీరంలో కట్టే ఇళ్లకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా తీసుకోమంటుంది. అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువంత నెడుతుంది. ఇందాకటి అయిదు బై నాలుగు కిటికీ మీద 280 కిలోల దాకా పడుతుంది. అందుచేత దుకాణంలో గాజు మందం ఎంతని అడగవద్దు, అడిగితే అయిదు మిల్లీమీటర్లనో, టఫెన్డ్ అనో, పగిలినా ఫ్రేములోనే అంటుకుని ఉండే లామినేటెడ్ అనో ధర పెంచుతారు. యూపీవీసీ గొట్టం లోపల ఇనప పట్టీ ఉందా అని కూడా అడగవద్దు. ఆ పట్టీ లేకపోతే ఫ్రేము తేలిగ్గా ఉంటుంది, మేడ మీదకి మోసేవాళ్లు సంతోషిస్తారు. ఎదురుగాలి పక్క గాజు ఒక్కటి పోతే గాలి లోపల చేరి కప్పుని కిందనుంచి ఎత్తుతుంది. రేకుల ఇల్లయితే మీకు ఆకాశం కూడా కనిపిస్తుంది. తుపాను హెచ్చరిక రాగానే గాజు మీద ఇంటూ గుర్తులాగా ప్లాస్టర్ టేపు అంటించండి. దానివల్ల గాజుకి బలం రాదు. ముక్కలు మాత్రం కాస్త పెద్దవిగా, పదునుగా వస్తాయి. ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది.

తుపాను కన్ను మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఆగిపోతుంది. అప్పుడు కిటికీలన్నీ తెరిచి, వీధిలోకి వెళ్లి, పక్కవాళ్లకి ఏం పోయిందో చూసి రండి. కాసేపట్లో గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ మొదలవుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సింది ఒకటుంది. స్లైడింగ్ ఫ్రేము కింది పట్టాలో, బయటి పక్కన, చిటికెన వేలు గోరంత సన్నటి చీలికలు ఉంటాయి. చాలామంది గమనించరు. పట్టాలో చేరిన వాన నీరు అక్కణ్ణించి బయటకి జారిపోవడానికి కంపెనీవాళ్లు పెట్టినవి అవి. కుర్రాడి చేత సిలికాన్ తుపాకీ పట్టించి వాటన్నిటినీ శుభ్రంగా పూడ్పించండి. చీమలు రావు. గచ్చు వాలు కూడా ఇంట్లోకే ఉండేలా చూసుకోండి. తిత్లీ నాటి గాలి ఒత్తిడి ఒక్కటే నాలుగంగుళాల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. మీ పట్టా అంచు అంగుళం కూడా ఉండదు. చీలికలు తెరిచి ఉంటేనే గదిలోకి నీళ్లు చిమ్మేవి, ఇప్పుడు తీరుబడిగా పొంగి వస్తాయి. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లు మామూలు ఇనప స్క్రూలే వాడండి. 316 రకం స్టీలు ఉప్పుగాలికి తట్టుకుంటుందట. తుప్పు కారితే తెల్ల ఫ్రేము మీద ఎర్రటి గీతలు పడతాయి, దిష్టి తగలదు.

పర్మిషన్ల విషయంలో కూడా అబ్బాయి భయపెడతాడు. అక్కడ చాలా ఊళ్లలో పాత కిటికీ తీసి కొత్తది పెట్టడానికి కూడా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. పడగ్గది కిటికీ నిప్పంటుకున్నప్పుడు మనిషి దూరి బయటపడేలా ఉండాలి, దాని అంచు నేలనుంచి 44 అంగుళాలు దాటకూడదు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆ మేరకి ఉదారమైనది. మిగతా నిబంధనలు మీరనంతవరకు కిటికీ పెట్టుకోవడం, మూసుకోవడం అనుమతి అక్కర్లేని పనుల జాబితాలో వేసింది. ఈ ఒక్క వాక్యాన్ని చివరికంటా లాగండి. కిటికీ అని మొదలుపెట్టి, దాన్ని రెండడుగులు బయటకి తెచ్చి, కింద దిమ్మ కట్టి, పైన శ్లాబు వేసి, సందులోకి ఒక గది దింపండి. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో, అంటే జీవో 119లో, వదలాల్సిన ఖాళీ స్థలాల పట్టికలున్నాయి. చదవకండి. వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చి అడిగితే కిటికీయేనండి అనండి. జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాల్ని సక్రమం చేసే బీపీఎస్ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ రాకపోదు.

పక్కింటి స్థలంవైపు మీకు నలభై ఏళ్లనాటి కిటికీ ఉందనుకోండి, దాన్ని మాత్రం ఏ ఫొటో తీయకుండా, ఏ కొలతా రాసుకోకుండా ముందు పూడ్చెయ్యండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం, అంతరాయం లేకుండా ఇరవై ఏళ్లు అనుభవించిన వెలుతురుకి, గాలికి హక్కు ఏర్పడుతుంది. పక్కవాడు అపార్టుమెంటు లేపుతున్నప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఆ పాత చిల్లే. హక్కులున్నచోట తగాదాలుంటాయి, తగాదాలుంటే కోర్టు. పూర్తిగా పూడ్చడం ఇష్టం లేకపోతే, దాన్ని రెట్టింపు వెడల్పు చేయించండి. పెంచిన భాగానికి పాత హక్కు రాదు, పాత భాగం ఎక్కడివరకో చెప్పేందుకు ఫొటో ఉండదు, ప్లీడరుగారికి చేతినిండా పని.

గ్రిల్లులన్నీ బిగి వెల్డింగే. తెరుచుకునేది ఒక్కటి కూడా వద్దు. దొంగ లోపలికి రాకూడదు, మీరు బయటకి పోకూడదు.

వాస్తు ప్రకారం కిటికీల సంఖ్య సరి సంఖ్య అయ్యుండాలి, చివర సున్నా ఉండకూడదు. పది కిటికీలున్నవాళ్లు రెండు మూసెయ్యండి. ఉక్క మాట తరవాత.

పాత కిటికీల్ని ఏం చెయ్యాలన్నది చివరి ప్రశ్న. ఉద్దానం పనసతోనో, మద్దితోనో, టేకుతోనో తాతగారు చేయించినవి, రెక్కకి కీళ్లు వదులైతే వడ్రంగి ఒక పూటలో సరిచేసి, చిత్రిక పట్టి, నూనె రాసి వెళ్లేవాడు. ఆ పనికి మీకు ఇప్పుడు తీరిక లేదు. సామాన్లు కొనేవాడు రిక్షా తెస్తే చెక్క కట్టెల ధరకి ఇచ్చెయ్యండి. బేరమాడకండి, అతను వాటిని ఏ రిసార్టుకి ఎంతకి అమ్ముతాడో అడగకండి. ఊచలు మాత్రం ముందే ఊడదీయించి విడిగా కాటా వేయించుకోండి, పాత ఇనుముకి ధర బాగానే ఉంది.