నీళ్ళు చల్లాను, గాలి మూశాను

రోహిణి కార్తెలో ఒక బ్యాచ్ కోళ్ళను నా మూర్ఖత్వంతో చంపుకున్నాను. చాలాకాలం ఎండను తిట్టుకున్నాను గానీ తప్పు ఎండది కాదు, నాది.

అంతకు ముందు పాలమూరు వైపు ఒక రైతు షెడ్డు చూసొచ్చాను. తడిపిన గోనెపట్టాలు, పైన నీటి తుంపర చిమ్మే ఫాగర్లు. లోపల హాయిగా ఉంది. మా ఊరికొచ్చి అదే చేశాను. అక్కడిది పొడి గాలి; మాది సముద్రానికి దగ్గర, గాలిలోనే తేమ ఎక్కువ. ఆ తేడా నా బుర్రకెక్కలేదు. పట్టాలు నాలుగు పక్కలా దించి కట్టేశాను, ఫాగర్లు ఆపకుండా నడిపాను. రెండు కిలోలకు దగ్గరపడ్డ కోళ్ళు, అమ్మకానికి సిద్ధం. బరువు తగ్గకూడదన్న ఆశతో మిట్టమధ్యాహ్నం మేత కూడా నింపాను.

“పరదా కాస్త ఎత్తుదామండీ, లోపల గాలాడట్లేదు” అన్నాడు షెడ్డులో పనిచేసే అతను. నీళ్ళు పడుతున్నాయి కదా అని కసిరాను. కోళ్ళు ముక్కులు తెరిచి, రెక్కలు జార్చి రొప్పుతుంటే ఇంకా నీళ్ళు కొట్టించాను. సాయంత్రానికి గుట్టలుగా ఎత్తాల్సి వచ్చింది.

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు, పైన ఈకల దుప్పటి. రొప్పుతూ ఊపిరి వెంట తేమను బయటికి పంపితేనే అది చల్లబడుతుంది. చుట్టూ గాలి తేమతో నిండిపోతే ఆ తేమ ఎక్కడికి పోతుంది? ఎంత రొప్పినా వేడి దిగదు. పైగా బొగ్గుపులుసు వాయువు అతిగా పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి దానికి తోడు. కింద పరిచిన ఊక తడిసి దాని నుంచి అమ్మోనియా. ఇవన్నీ నా చేతులతో నేను సమకూర్చినవే.

ఇప్పుడు చల్లదనం పైకప్పు దగ్గరే మొదలుపెడతాను. రేకులకు సున్నం, మీద గడ్డి, దానిపై నీళ్ళు. ఆ తడి షెడ్డు బయటే ఉంటుంది. ఎండ పడే వైపే పరదా, మిగతా పక్కలన్నీ తెరిచే. ముందు ఫ్యాన్లు. తేమ మీటరు చూశాకే ఫాగర్లు, అవీ కాసేపే. పొద్దెక్కకముందే మేత తీసేసి చల్లబడ్డాక పెడతాను. తాగునీటి ట్యాంకు నీడలో ఉంటుంది, పైపులో వేడెక్కిన నీళ్ళను ఎప్పటికప్పుడు వదిలేయిస్తాను. వేసవి బ్యాచ్‌లో పిల్లల్ని తక్కువ వేస్తాను.

బయటికి పోయే దారి లేకుండా జీవాల్ని పెంచుతున్నప్పుడు వాటి ఊపిరికి పూచీ మనదే. అందుకే షెడ్డులో ఎవరైనా గాలాడట్లేదంటే ముందు పరదా ఎత్తిస్తాను. ఎందుకని తర్వాత అడుగుతాను.