చక్రం విరిగినందుకు సంతోషించాను

జాఁ వల్జాఁని చాలా ఏళ్లు నేను ఇష్టపడింది ఆయన బండి కింద దూరినందుకే. 1862లో అచ్చయిన విక్టర్ హ్యూగో నవల 'లే మిజరాబ్ల్'కి ఆయన నాయకుడు. 1950లో నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' ఈ కథే. నవలలో ఫోష్‌లెవాఁ అనే ముసలాయన బండి కింద చిక్కుకుంటాడు. వానకి మెత్తబడ్డ నేలలోకి బండి క్షణక్షణానికీ దిగబడుతుంటుంది. ఊరి మేయరు డబ్బిస్తానన్నా ఎవరూ ముందుకు రారు. చివరికి తనే దూరి, వీపుతో పైకెత్తుతాడు.

పక్కనే ఇన్‌స్పెక్టర్ జవేర్ నిలబడి, ఇంత బరువెత్తగలవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, వాడు తూలాఁలో ఖైదీ అంటున్నాడే, అది నా బుర్రకెక్కలేదు. ఈ మేయరే ఆ ఖైదీ, వల్జాఁ. బండి ఎత్తితే నడుం విరగడం ఒక్కటే కాదు, దాచుకున్న పేరు కూడా బయటపడొచ్చు. నేను కండల్నే చూశాను.

నవలలో తర్వాత వచ్చే ఆరాస్ ప్రయాణమంటే నాకు విసుగుగా ఉండేది. షాఁమాత్యూ అనే అమాయకుణ్ణి వల్జాఁ అనుకుని అక్కడి కోర్టులో బోనెక్కించారు. మేయరు నోరు విప్పితే మళ్లీ చెరసాల, విప్పకపోతే షాఁమాత్యూ బలి. రాత్రంతా గదిలో పచార్లు చేసే ఆ అధ్యాయం దాటేసేవాణ్ణి. దారిలో చక్రం విరిగి, బాగుచెయ్యడానికి రోజు పడుతుందంటే ఆయనకి లోలోపల సంతోషం. నా ప్రయత్నం నేను చేశాను, దేవుడే ఆపాడు అనుకుంటాడు. తీరా ఎలాగో కోర్టు గది దాకా వెళ్లి, తలుపు పిడి చూసి వెనక్కి పరుగెడతాడు. ఇంత పిరికివాడా అని పుస్తకం మూసేశాను. ధైర్యం ఉన్నచోట భయం ఉండదనుకున్న మూర్ఖుణ్ణి.

ఆ మూర్ఖత్వం పుస్తకం దగ్గరే ఆగలేదు. నేను పనిచేసిన ఆఫీసులో స్టోరు సరుకు తగ్గిందని ఒక అటెండరు మీద నేరం మోపారు. సరుకు ఏ అధికారి సంతకంతో బయటికెళ్లిందో నాకు తెలుసు. భయం తగ్గాక చెబుదామని ఆగాను. ఎంక్వైరీ వాయిదా పడిన ప్రతిసారీ గుండె తేలికపడేది. అతని ఉద్యోగం పోయింది.

రిటైరయ్యాక ఆ పేజీలు దాటెయ్యకుండా చదివాను. చక్రం విరిగిన ఊళ్లో ఒక ముసలామె పాత బండి ఉందంటుంది. ఆయనకి చెమటలు పడతాయి, అయినా డబ్బిచ్చి ఎక్కుతాడు. పరుగెత్తిన మనిషే తిరిగొచ్చి పిడి తిప్పుతాడు. వల్జాఁ నేనే అంటే ఎవరూ నమ్మరు. అప్పుడు సాక్షులుగా వచ్చిన ముగ్గురు తోటి ఖైదీల గుర్తులు చెప్పి, తన మీద తనే సాక్ష్యం చెప్పుకుంటాడు: ఒకడు వాడిన గళ్ల భుజపట్టీలు, ఇంకొకడి భుజం మీద కాలిన మచ్చ, మూడోవాడు చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకున్న తేదీ, 1815 మార్చి 1, నెపోలియన్ కాన్ దగ్గర దిగిన రోజు. తనని మంచివాడని నమ్ముతున్న జనానికి, నేను ఖైదీనని రుజువు చెయ్యడానికి అంత పాటుపడ్డాడు. ఆ బండి ఎత్తడం దీనిముందు తేలికే.

ఆ అటెండరు పింఛను కోసం ఇప్పుడు కోర్టుకెక్కాడు. సాక్షిగా నా పేరు ఇచ్చాను. ఆ సంతకం చేసినాయనంటే నాకు ఇప్పటికీ భయమే. వచ్చే నెల వాయిదా. అది తప్పిపోతే బాగుండునని మొన్న రాత్రి కూడా అనిపించింది. వెళ్తాను.