రుద్రమ్మ మేడ చూడ్డానికి వరంగల్ వెళ్లేవారికి

పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి రాత్రికి ఇంట్లో ఉండాలంటే ముందు జాబితా రాసుకోండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం. ఒక్కటి తగ్గినా చుట్టాల ముందు చిన్నతనం. రామప్ప వరంగల్ నుంచి అరవై డెబ్బై కిలోమీటర్లు కాబట్టి అక్కడ పోయే టైమును ఖిలా వరంగల్‌లో మిగుల్చుకోవాలి. కోటకు ముప్పావుగంట ఎక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నమైతే మరీ మంచిది, పిల్లలే పోదాం పోదామంటారు.

మట్టికోట దాటి రాతికోట వాకిలికి వచ్చేసరికి దారి ఉన్నట్టుండి మెలి తిరుగుతుంది. శత్రుసేన నేరుగా దూసుకురాకుండా కాకతీయులు కావాలనే అలా కట్టారని ఎవరైనా చెప్పబోతే వినకండి. ఎదురుగా వచ్చే ఆటోను చూసి గట్టిగా హారన్ కొట్టండి. ఇన్ని వందల ఏళ్లయినా రోడ్డు వెడల్పు చేయలేదని ప్రభుత్వాన్ని తిట్టండి. సున్నం లేకుండా పేర్చిన ఆ బండరాళ్లూ, 45 బురుజులూ కారు అద్దంలోంచి చూసినా చాలు. అగడ్త కనబడగానే ఖాళీ నీళ్ల సీసాలు గుర్తుకు రావాలి.

ఇక అసలు పని, రాణిగారి మేడ. వెళ్లే ముందు 2015 నాటి ‘రుద్రమదేవి’ సినిమా చూస్తే కొలతలు తెలుస్తాయి. సెట్టింగంత మేడ కనిపించకపోతే అక్కడి సెక్యూరిటీ మనిషిని నిలదీయండి. 1323లో ఉలుగ్‌ఖాన్ కోటను పట్టుకున్నాడనీ, ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీ దారి పట్టించారనీ, కాకతీయుల రాజభవనం మిగల్లేదనీ ఆయనంటే ఊరుకోకండి. పక్కనే ఖుష్ మహల్ ఉంది కదా! వాలు గోడలు, పెద్ద పెద్ద కమానులు, మేడకు ఇంకేం కావాలి? షితాబ్‌ఖాన్ కట్టించాడని కొందరు, తుగ్లక్‌ల నాటిదని కొందరు వాదించుకుంటారు. ఎవరి మాట నిజమైనా అది 1289లో రుద్రమదేవి పోయాక లేచిందే. ఆ లెక్కలు మనకెందుకు? “ఇదిగో, రుద్రమ్మ ఇక్కడే దర్బారు చేసేది” అని పిల్లలకు చెప్పేయండి. లోపల దాచి ఉంచిన శిల్పాలను ఆమె చెలికత్తెలుగా పరిచయం చేయండి. రేపు బడిలో టీచరు కాదంటే టీచరుదే తప్పు.

మేడ దొరికాక తోట. స్వయంభూ శివాలయం శిథిలాల మధ్య పచ్చగడ్డి పెంచారు, మీ పులిహోర కోసమే అనుకుని దుప్పటి పరిచేయండి. చెక్కడం ఉన్న రాయి చూసుకుని ఆనుకుంటే వీపుకు హాయి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు ఉంటాయి. తెలంగాణ రాజముద్రలో వేసింది ఒక్కటే కాబట్టి ఒకదాని కింద ఫోటో దిగితే నాలుగూ అయిపోయినట్టే. అవి ఏ గుడికి వాకిళ్లో ఆ గుడి మధ్యలో లేదన్న సంగతి ఫోటోలో ఎలాగూ పడదు.

ఏకశిల గుట్ట మాత్రం ఎక్కకండి. పైనుంచి చూస్తే కోట ఎంత మేర ఉందో, అందులో ఇప్పటికీ జనం ఇళ్లు కట్టుకుని సాగు చేసుకుంటూ ఎలా బతుకుతున్నారో తెలిసిపోతుంది. ఆపైన ముప్పావుగంటలో బయటపడటం కష్టం.

చివరగా, రాతి మీద పేరు చెక్కేటప్పుడు ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు తప్పకుండా కలపండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ కోసం వెతికేవాళ్లకు శ్రమ తగ్గుతుంది.