చెరువు లేదు, ఇట్లు నేనే

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో సరుకు కొనేవాడు ముందు బస్తా విప్పించి చూస్తాడు. నచ్చితే కాంటా ఎక్కిస్తాడు. చిట్టీ, డబ్బు ఆ తర్వాతి సంగతి. అదే మనిషి నగర శివార్లలో ప్లాటు కొనేటప్పుడు వరస తిరగేస్తాడు. ముందు డబ్బు, వెనకాల రిజిస్ట్రేషన్, పర్మిషన్, గృహప్రవేశం. తూకం అన్నిటికన్నా ఆఖరు. అప్పుడు వచ్చేది కాంటా కాదు, జేసీబీ.

ఈ గంజ్‌లోనే టోకు కొట్లో పనిచేసే గుమాస్తా ఒకాయన మొన్న నూటయాభై గజాల ప్లాటు చూసొచ్చాడు. పక్కన తుమ్మచెట్లు, నడుమ నాలుగు కొంగలు. అనుమానమొచ్చి బ్రోకర్‌ని అడిగాడట.

“అన్నా, ఇది ఎఫ్‌టీఎల్‌ల లేదు గదా?”

“ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవల్. నీకు ట్యాంకే కనవడ్తలేదు, ఫుల్ యాడికెళ్లొస్తది?”

“మరి కొంగలు?”

“అవి గూడ ప్లాటు చూడనీకే వచ్చినయ్.”

బ్రోకర్‌ని తిట్టి లాభం లేదు. సర్కారు పద్ధతికీ ఆయన పద్ధతికీ తేడా యాస ఒక్కటే. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణ. నా స్థలం చెరువులో లేదని రాసేది నేనే, నమ్మేది సర్కారు. అది అబద్ధమని తేలితే నోటీసు ఇవ్వకుండానే కూల్చుకోండని ముందే ఒప్పుకునేదీ నేనే. ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త అనుమతుల పద్ధతి వచ్చింది. ప్లాను మనిషి కూడా చదవక్కర్లేదు, కంప్యూటరే నిమిషాల్లో చదివేస్తుంది.

అంటే మన దగ్గర పర్మిషన్ తక్షణం, కూల్చివేత తక్షణం. తీరిగ్గా నడిచేది ఒక్కటే, చెరువు హద్దు ఎక్కడో తేల్చే పని. దానికోసం 2010లోనే చెరువుల పరిరక్షణ కమిటీ వేశారు. సర్వే, ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్ అని మెట్లు కట్టారు. చాలా చెరువులు ఏళ్ల తరబడి ఆఖరి మెట్టు ఎక్కకుండానే కూర్చున్నాయి. కూర్చున్న చోట కాలనీలు లేచాయి.

హద్దు తేలిన చోటైనా లెక్క చూడండి. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు చాలు. చెరువు పది హెక్టార్ల కిందికి జారితే, జరిపినవాడికి చుట్టూ 21 మీటర్లు బోనస్. ఆక్రమణకు ఇంత చక్కని ప్రోత్సాహక పథకం పరిశ్రమల శాఖ దగ్గర కూడా లేదు.

పోనీ ఢిల్లీ వాళ్లు కాపాడతారా అంటే, 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు తాగునీటికీ సాగునీటికీ మనుషులు తవ్విన చెరువుల్ని లెక్కలోంచి తీసేశాయి. హైదరాబాద్ చెరువులు ఎక్కువ భాగం రాజులూ రైతులూ తవ్వినవే. దేవుడు తవ్వకపోవడం వాటి తప్పు.

ఇక అసలు పరిశీలన ఇల్లు లేచాకే మొదలవుతుంది. 2024 జులైలో ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ హైడ్రా పుట్టింది. ఆగస్టు 24 శనివారం మాదాపూర్ తుమ్మిడికుంటలో ఎన్ కన్వెన్షన్ హాలు పడింది. హైకోర్టు స్టే ఇచ్చేసరికి స్టే ఇవ్వడానికి అక్కడ శకలాలే మిగిలాయి. అదే నెలలో దుర్గం చెరువు దగ్గర ముఖ్యమంత్రి సోదరుడి ఇంటితో సహా పలు ఇళ్లకు రెవెన్యూ వాళ్లు నోటీసు అంటించి 30 రోజుల గడువిచ్చారు. సెప్టెంబరు 8 ఆదివారం అదే మాదాపూర్‌లో సున్నం చెరువు షెడ్ల మీదికి మాత్రం యంత్రాలే వచ్చాయి. చెరువుకూ చెరువుకూ నడుమ దూరం కొద్దిపాటిదే. నోటీసుకూ యంత్రానికీ నడుమ దూరమే బాగా ఎక్కువ.

ఆ నెలాఖరున హైకోర్టుకు ఒళ్లు మండింది. అమీన్‌పూర్‌లో ఆదివారం కూల్చిన భవనం కేసులో, తహసీల్దార్ అడిగితే చార్మినార్ కూడా కూల్చేస్తారా అని హైడ్రాను నిలదీసింది. పాతబస్తీ కాసేపు ఊపిరి బిగబట్టింది. చార్మినార్‌కు టీఎస్-బీపాస్ అనుమతి లేదన్న సంగతి అందరికీ తెలుసు.

నీళ్ల మీద కట్టడం చూడ్డానికి శివార్ల దాకా పోవాలా? ఉస్మాన్‌గంజ్ పక్కనే గోషామహల్ చాక్నవాడి ఉంది. చిన్న నాలాకైనా 2 మీటర్ల బఫర్ వదలాలని రూలు. చాక్నవాడిలో అంగడికీ నాలాకూ నడుమ దూరం నిలువుగా ఒక స్లాబు. 2022 డిసెంబరు 23న, శుక్రవారం సంత నిండుగా ఉన్న వేళ, ఆ స్లాబు కుంగింది. కార్లు, ఆటోలు, కూరగాయల బండ్లు నాలాలోకి దిగాయి. బండి కింద నాలా ఉందని కొన్నవాడికీ అమ్మినవాడికీ ఒకేసారి తెలిసింది.

నీటితో బేరం ఈ వీధులకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ అఫ్జల్‌గంజ్‌ను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బకే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేస్తూ 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో 69 జీవోతో ఆ కళ్లెం వదిలించారు. వరదను ఆపడానికి కొన్నేళ్లు పట్టింది, వరదకు దారివ్వడానికి ఒక జీవో చాలింది.

నాదొక చిన్న సవరణ. రిజిస్ట్రేషన్ వేళ సర్కారు ఏడున్నర శాతం పుచ్చుకుంటుంది. తర్వాత కరెంటు మీటరు, నల్లా కనెక్షన్, ఆస్తిపన్ను రసీదు ఇస్తుంది. ఇన్ని రసీదులిచ్చిన ఇల్లు చెరువులో ఉందని తేలిన రోజు, ఆ పైకమంతా వడ్డీతో వాపసివ్వాలని చట్టం చేస్తే సరి.

ఈ మాట గుమాస్తాతో అంటే నవ్వాడు. “వాపసియ్యాల్నంటే మంచిదే సార్. పదిహేనేండ్ల సంది దొర్కని చెరువు హద్దు పదిహేను రోజుల్ల దొర్కుతది.”