కరెంటు పోతే కబురు పెట్టండి

మొన్న పొద్దున్నే మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటొచ్చింది. మా కొత్తపేట చుట్టుపక్కల ఆటోకి మైకు కట్టారంటే ఎన్నికలన్నా వచ్చి ఉండాలి, పాత చీరలకి స్టీలు సామాన్లిచ్చేవాడన్నా వచ్చి ఉండాలి. ఈసారి రెండూ కాదు. ‘‘కాలువలు కట్టివేసినందున ప్రజలందరూ మంచినీటిని పొదుపుగా వాడుకోవలెను. కుళాయిలకి మోటార్లు బిగించరాదు. వాహనములు కడగరాదు. మొక్కలకి పెట్టరాదు. అట్లు చేసినచో కనెక్షను తొలగించబడును.’’ తొలగించబడును అన్నచోట గొంతు ఎంత గంభీరంగా పలికిందంటే, కారు కడుగుతున్న మా ఎదురింటాయన పైపు కింద పెట్టేసి, గేటు దాకా వచ్చి రెండోసారి కూడా శ్రద్ధగా విన్నారు.

‘‘ఇలా గట్టిగా ఉండాలండీ. లేకపోతే జనం వినరు’’ అన్నారు నాతో.

ఆటో సందు తిరిగాక మళ్లీ పైపు అందుకున్నారు.

ఆ జనం ఎవరా అని ఆరా తీశాను. తీరా చూస్తే వీధి చివర పెంకుటింట్లో ఉండే మామ్మగారు. ఆవిడకి మోటారు లేదు. వాహనం లేదు. మొక్క అంటే తులసికోటలో ఉన్నదొక్కటే. నిబంధనలన్నీ నూటికి నూరుపాళ్లూ పాటిస్తున్న మనిషి మా వీధి మొత్తానికి ఆవిడొక్కరే. ఆటో కూడా ఆవిడ గుమ్మం ముందే అందరికంటే ఎక్కువసేపు ఆగింది. వెనక్కి తిప్పుకోడానికి అక్కడే చోటుంది మరి.

కోనసీమలో నీటి ఎద్దడి అంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వరూ? అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. మమ్మల్ని చుట్టుముట్టని నీళ్లు లేవు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కుల పైచిలుకు కిందికొచ్చింది. లంకల్లో జనం డాబాలెక్కి కూర్చున్నారు. అప్పుడు కూడా పడవలేసుకుని వాళ్లకి ఏం పంచారో తెలుసా? మంచినీళ్ల ప్యాకెట్లు. వరదకీ కరువుకీ మాకు అట్టే తేడా ఉండదండీ. ఒకసారి ప్యాకెట్టు పడవ మీదొస్తుంది, ఇంకోసారి టిన్ను ఆటో మీదొస్తుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఈ కబుర్లన్నీ విని పెదవి విరిచాడు. వాళ్ల ఊళ్లో 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, అన్నట్టే కొందరి దగ్గర వసూలు కూడా చేశారు. ‘‘అక్కడ భయం ఉంటుంది మావయ్యా, ఇక్కడేముంది?’’ అన్నాడు. అంటూనే, ఆ భయంతో అక్కడ దుమ్ము పట్టించుకున్న కారుని మా వాకిట్లో కుళాయి కింద శుభ్రంగా కడుక్కుని తిరుగు ప్రయాణమయ్యాడు. పుట్టినూరంటే ఆ మాత్రం మమకారం ఉండాలి.

మాకు కట్టుబాట్లు కొత్తేం కాదు. దాళ్వాలో గోదావరి బక్కచిక్కితే వంతుల వారీ అంటారు. కొన్ని రోజులు ఎగువకి, కొన్ని రోజులు దిగువకి. కాగితం మీద ఇంతకంటే ధర్మంగా పంచుకోవడం పాండవుల వల్ల కూడా కాలేదు. చిక్కంతా రాత్రిపూటే. తూము షట్టరు పగలు లస్కరు దించి తాళం వేస్తాడు. పొద్దున్నకి జానెడు లేచి ఉంటుంది. ఎవరు లేపారంటే దానంతటదే లేచిందంటారు. పక్కన గట్టు మీద గునపం దిగబడిన గుంట ఉంటుంది. అది కూడా దానంతటదే పడి ఉంటుంది. మైళ్ల పొడుగు కాలువకి ఒక్క లస్కరు, ఆయనకో డొక్కు సైకిలు. గట్టిగా అడుగుదామంటే షట్టరెత్తినవాళ్ల అరుగు మీదే సాయంత్రం టీ తాగాలి. చేపల చెరువులకి పెట్టిన ఇంజన్ల సంగతైతే ఆయనకి అసలు వినపడదు. ఇంజను మోత మధ్య ఏం వినపడుతుంది, పాపం!

ఇలా ఎగువన ఒక్కొక్కరూ ‘కాస్తే కదా’ అని తీసుకున్నాక మిగిలినవి గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి రాజోలు వైపు వెళ్లాలి. 2000 సంవత్సరంలో తెరిచిన ఆ కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ తలుపు తట్టినవాడికి కూడా వండి వడ్డించిన తల్లి. ఆవిడ పంక్తిలో ఈ చివర ఎంత పప్పు పడిందో ఆ చివరా అంతే పడేది. ఆవిడ పేరు మీదుగా పారే నీళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. శివారు రైతు ఇంకా విస్తరేసుకుని కూర్చునే ఉన్నాడు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరేస్తే వచ్చేది ఉప్పే. వడ్డనలో ముందు పడాల్సింది ఉప్పే కాబట్టి, అతని విస్తట్లో ఆ ఒక్కటీ సక్రమంగా పడింది.

అలాగని నీళ్లు ఎక్కువైతే సుఖపడతామా? 2011లో సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి ఊడ్పులు మానేసిన సంగతి దేశమంతా విడ్డూరంగా చెప్పుకుంది. గిట్టుబాటు లేని ధర ఒక కారణం. నీళ్లు చాలక కాదు, వచ్చిన నీళ్లు దిగక అన్నది ఇంకో కారణం. మురుగు కాలువల నిండా గుర్రపుడెక్క. వేసిన మంచం మీద నుంచి లేవని అల్లుడిలా పాతుకుపోయి ఉంటుంది. రావలసినవి రావు, పోవలసినవి పోవు. డాక్టరుకి చెబితే మందు రాసేవాడు. మాకు కమిటీ వేశారు.

కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసి వెళ్లాడు. ఆయన మీద మాకున్న భక్తికి వంక పెట్టడానికి లేదు. సంధ్యావందనంలో తలుచుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఏటా మే 15న ఆయన పుట్టినరోజుకి విగ్రహాలకి దండలేస్తాం. సరిగ్గా కాలువలు కట్టేసి ఉండే రోజులు. పక్కనే కాలువ ఒళ్లంతా పగుళ్లిచ్చి పడుంటుంది. దొరగారి టోపీ మీద కాకిరెట్ట కడగాలంటే బిందె పట్టుకుని ట్యాంకరు కోసం చూడాలి. ఆ కాలువ ఆయన చూపు పడే చోటే ఉండటం మాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుందనుకోండి. ఉపన్యాసం అయ్యేదాకా గట్టు వైపు వీపు పెట్టి నిలబడతాం.

దాళ్వా గురించి ఇంకో ముక్క. వేసవి దగ్గరపడి గోదావరిలో సొంత నీరు సన్నగిల్లాక, మా చేలు బతికేది చాలావరకు సీలేరు మీదే. పైన కొండల్లో, మోతుగూడెం అవతల, కరెంటు తీసి వదిలేసిన నీళ్లే శబరిలో కలిసి, గోదావరిలో పడి, ధవళేశ్వరం దాకా వచ్చి మా బోదెల్లోకి దిగుతాయి. అంటే అక్కడ కరెంటు పుడితే ఇక్కడ చేను తడుస్తుందన్నమాట.

మామ్మగారిది అచ్చంగా దీనికి తిరగేసిన లెక్క.

మా వీధికి నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పొద్దున ఓ ముప్పావుగంట వస్తాయి. వచ్చీ రాగానే నలభై ఇళ్లలో నలభై మోటార్లు ఒక్కసారి గుర్రుమంటాయి. డాబాల మీద ట్యాంకులు నిండి, పొంగి, సన్‌షేడ్ల మీద నుంచి ధారలు కడతాయి. చివరింట్లో మామ్మగారి కుళాయి మాత్రం బుస్సున గాలి వదులుతుంది. ఆవిడ దాని కింద ఇత్తడి బిందె పెట్టి, నోటికి గుడ్డ కట్టి, పీట వేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడన్నా ఆ టైముకి కరెంటు పోతుంది. మోటార్లన్నీ ఠక్కున నోరు మూసుకుంటాయి. పైనుంచి వచ్చే నీళ్లు ఎవరూ లాగకపోయేసరికి వాటి దారిన అవి నడిచి మామ్మగారింటి దాకా వస్తాయి. ముందు దగ్గినట్టు రెండు చుక్కలు, తర్వాత తుప్పురంగు నీళ్లు, ఆపైన వేలెడు లావు ధార. వీధి వీధంతా విసనకర్రలు పట్టుకుని కరెంటాఫీసుని తిట్టుకుంటుంటే, మామ్మగారు ఆ దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టుకుంటుంది.

నిన్న కనబడి అడిగింది, ‘‘ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పేపర్లో రాస్తావు కదా, పొద్దున్నపూట ఓ గంట కరెంటు తియ్యమని రాయకూడదూ?’’ అని.

రాస్తానన్నాను. ఇంతలో ఎదురింటాయన వాకిట్లో ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు తాళ్లు విప్పి ఏదో బరువైన పెట్టె దించుతున్నారు.

‘‘ఏవిటది నాయనా?’’ అంది మామ్మగారు.

‘‘జనరేటరండీ మామ్మగారూ’’ అన్నారాయన సంబరంగా. ‘‘ఎండలు చూశారుగా. కరెంటు పోతే మోటారాగిపోయి చచ్చే చావొస్తోంది.’’

‘‘మంచిపని చేశావు’’ అని మామ్మగారు పెట్టె దగ్గరికెళ్లి, దాన్ని చేత్తో తడిమి, ‘‘ఇది నీళ్లతో నడుస్తుందా?’’ అనడిగింది.